ఖాళీ ఉంది కదా, అక్కడా ఏదైనా వేయండి

ప్రశ్న: అక్కా, నాది సూళ్లూరుపేట. బీకాం అయ్యాక డీటీపీ నేర్చుకుని, ఎనిమిది నెలలుగా చెన్నై ట్రిప్లికేన్‌లో ఒక ప్రింటింగ్ షాపులో పని చేస్తున్నాను. పాంఫ్లెట్లు, విజిటింగ్ కార్డులు, పెళ్లి పత్రికలు, ఫ్లెక్సులు అన్నీ చేస్తాను. కోరల్‌డ్రా, ఫోటోషాప్ వచ్చు. కానీ నేను చేసినవి చూస్తే నాకే ఏదో తేడాగా ఉంటుంది. తప్పు ఎక్కడుందో చెప్పలేను. కస్టమర్లేమో పేరు పెద్దగా పెట్టు, నంబరు పెద్దగా పెట్టు, ధర పెద్దగా పెట్టు అంటారు. కొంచెం చోటు వదిలితే "ఖాళీ ఉంది కదా, అక్కడా ఏదైనా వేయండి" అంటారు. పోయిన వారం ఒక ఆంధ్రా మెస్‌కు చేసిన ఏ5 పాంఫ్లెట్ ఫస్ట్ ప్రూఫ్ ఫోటో పంపుతున్నాను. అసలు డిజైన్‌కి బేసిక్స్ అంటూ ఉన్నాయా? నాకు బొమ్మలు వేయడం రాదు. రంగుల జ్ఞానం పుట్టుకతోనే రావాలంటారు, నిజమేనా? ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల డిజైన్ కోర్సుకు 45 వేలు అడుగుతున్నారు. అప్పు చేసి చేరమంటారా?
- ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: తమ్ముడూ, నువ్వు పంపిన ఫోటోను ముందు పెద్దది చేసి చూడలేదు. ఫోన్‌ను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కళ్లు సగం మూసి చూశాను. నేను లేఅవుట్ పనిలో చేరిన కొత్తలో మా సీనియర్ ఆర్టిస్టు నేర్పిన మొదటి పాఠం అది. కళ్లు సగం మూస్తే అక్షరాలు మాయమై, ముదురు మచ్చలూ లేత మచ్చలూ మాత్రమే మిగులుతాయి. నీ పాంఫ్లెట్‌లో నాకు మిగిలినవి ఎర్రటి నేల, దాని మీద అక్కడక్కడా పసుపు మరకలు, పైన ఇద్దరు మగవాళ్ల ముఖాలు. భోజనం కనపడలేదు. అది మెస్ పాంఫ్లెట్ అని కూడా తెలియలేదు.

తర్వాత కళ్లు తెరిచి లెక్కపెట్టాను. వేంకటేశ్వరస్వామి పటం, ఇద్దరు ఓనర్ల ఫోటోలు, మూడు భాషల్లో మెస్ పేరు, భోజనం ఫోటో, 14 ఐటమ్‌ల జాబితా, ఫుల్ మీల్స్ ధర, పార్సెల్ సంగతి, పెళ్లి ఆర్డర్ల సంగతి, ప్రారంభోత్సవం తేదీ, అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు. ఐదు రకాల ఫాంట్లు. అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే సైజు. అన్నింటికీ తెల్ల ఔట్‌లైను, అన్నింటికీ నీడ. వీటిలో ఇదిగో ఇదీ తప్పు అని విడిగా తీసి చూపించగలిగేది లేదు, అందుకే నీకు దొరకలేదు. వీటి మధ్య వరస లేదు. ఉన్న తప్పు అదొక్కటే, కానీ మొత్తం కాగితాన్ని ముంచింది.

బేసిక్స్ ఉన్నాయా అని అడిగావు. ఉన్నాయి. గీత, ఆకారం, రంగు, సైజు, చోటు, అక్షరం అని పుస్తకాల్లో చెబుతారు. సమతూకం, కాంట్రాస్ట్, అలైన్‌మెంట్ అని సూత్రాలు రాస్తారు. ఆ పేర్లన్నీ కంఠతా వచ్చినవాళ్లు కూడా ఇలాంటి పాంఫ్లెట్లే చేయడం చూశాను. ఎందుకంటే వాటికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. చూసేవాళ్ల కన్ను మొదట ఎక్కడ ఆగాలి, అక్కడి నుంచి ఎటు వెళ్లాలి, చివరికి ఎక్కడ నిలవాలి? మౌస్ పట్టుకోకముందే ఇది నువ్వు తేల్చాలి. సైజూ రంగూ చోటూ ఆ తర్వాత నువ్వు చెప్పిన పని చేసిపెడతాయి.

మెస్ వాళ్ల పని చేస్తున్నావు కాబట్టి వాళ్ల అరిటాకునే చూడు. అన్నం మధ్యలో, అన్నిటికంటే పెద్ద కుప్ప. పప్పు దాన్ని ఆనుకునే ఉంటుంది, చెయ్యి మొదట కలిపేది దాన్నే కాబట్టి. కూర, వేపుడు, పచ్చడి పై అంచున వరసగా ఉంటాయి. ఆవకాయ వేసేది ఒక్క ముక్క. అయినా కన్ను ముందు అక్కడికే పోతుంది, ఎందుకంటే అంత ఆకుపచ్చ మీద ఆ ఎరుపు ఒక్కటే. కాంట్రాస్ట్ అంటే ఇదే. కనపడాలంటే పెద్దగా ఉండనక్కర్లేదు, చుట్టూ ఉన్నవాటికి వేరుగా ఉండాలి. ఆకంతా ఆవకాయ పూస్తే ఆ ముక్కను వెతుక్కోవాలి. "అన్నీ పెద్దగా పెట్టు" అనే కస్టమర్ తెలియక అడుగుతున్నది అదే. ఇక ఆకు మీద ఖాళీ సంగతి. వేపుడుకీ పచ్చడికీ మధ్య ఆకు కనపడేలా వడ్డించకపోతే రసం వెళ్లి అన్నిట్లో కలుస్తుంది. అక్కడ ఖాళీ ఉంది కదా అని ఎవరూ ఇంకో గరిటె వేయరు.

ఇప్పుడు నీ పాంఫ్లెట్‌కి వద్దాం. ఇది ఎవరి చేతికి వెళ్తుంది? ట్రిప్లికేన్‌లో అయితే ఎక్కువగా మేన్షన్లలో గదులు తీసుకుని ఉండే కుర్రాళ్లకి. మెట్ల దగ్గర ఎవరో చేతిలో పెడతారు, రెండు మూడు సెకన్లు చూస్తారు. వాళ్లకి కావలసింది ఏమిటి? ఆంధ్రా భోజనం దొరుకుతుందా, ఎంత, ఎక్కడ. ఓనర్లు ఎవరన్నది వాళ్లకి అక్కర్లేదు. కాబట్టి భోజనం ఫోటో కాగితంలో దాదాపు సగం తీసుకోవాలి. దాని కింద మెస్ పేరు, దాని పక్కనే ధర, ఆ తర్వాత అడ్రసు, ఫోన్. ఐటమ్‌లు చిన్నగా ఉన్నా ఫర్వాలేదు. భోజనం నచ్చినవాళ్లు వాటిని దగ్గర పెట్టుకుని చదువుతారు.

ఓనర్ల ఫోటోలు తీసేయమంటే ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు వెనక వైపు వేద్దామని అడుగు. తప్పక ముందే ఉండాలంటే చిన్నవి చేసి కింద పెట్టు, ముఖాలు కాగితం లోపలి వైపు చూసేటట్టు పెట్టు. మనిషి ముఖం ఎక్కడ ఉన్నా కన్ను ముందు దాన్నే పట్టుకుంటుంది. ఆ ముఖం ఎటు చూస్తుంటే మనమూ అటే చూస్తాం. నీ ప్రూఫ్‌లో కుడి పక్క ఉన్నాయన కాగితం బయటికి చూస్తున్నారు. ఆయన వెంట మన చూపు కూడా బయటికే పోతోంది. స్వామి పటం గురించి మాత్రం వాళ్లకి ఉన్నమాట చెప్పు: పంచిన పాంఫ్లెట్లలో చాలా భాగం రోడ్డు మీద పడతాయి, కాళ్ల కింద పడతాయి. ఈ మాట చెప్పాక పటం ఉండాల్సిందేనని పట్టుబట్టిన కస్టమర్ నాకు ఇంతవరకు తగల్లేదు. పైన మధ్యలో చిన్న "శ్రీ" చాలంటారు.

దగ్గర, దూరం అన్నదాని మీద కొంచెం ఆగుతాను, ఎందుకంటే నీ 14 ఐటమ్‌లు అక్కడే చెడ్డాయి. 1923లో జర్మనీలో మాక్స్ వెర్థైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశారు. మన కన్ను విడివిడి వస్తువులను గుంపులుగా ఎలా కలుపుకుంటుందో అందులో వివరించారు, అదీ ఎక్కువగా ఒట్టి చుక్కలతో. చుక్కలను కొంచెం దగ్గరకు జరిపితే కన్ను వాటిని జంటలుగా చూస్తుంది. ఒకే తీరులో ఉన్నవాటిని ఒక గుంపుగా చూస్తుంది. వరసలో ఉంటే వాటిని గీతగా చూస్తుంది. చుక్కల ముగ్గు వేసే ఏ అమ్మకైనా ఇది చేతికి తెలిసిన విద్య. నీ జాబితాలో ప్రతి ఐటమ్‌కీ మధ్య ఒకే ఎడం ఉంది. ఫోన్ నంబరుకీ గోంగూర పచ్చడికీ మధ్య కూడా అంతే ఎడం. అందుకే కన్ను నంబరును కూడా ఒక ఐటమ్‌గా చదువుతోంది. రోజూ ఉండేవి ఒక గుంపు చెయ్యి, ఆదివారం స్పెషల్స్ ఇంకో గుంపు. గుంపు లోపల ఉన్న ఎడానికి కనీసం రెట్టింపు ఎడం రెండు గుంపుల మధ్య వదులు. గీతలూ పెట్టెలూ అక్కర్లేదు. చుట్టూ వేసిన ఆ పూల బోర్డర్ కూడా అక్కర్లేదు.

ముగ్గు నుంచి తీసుకోవలసినది ఇంకోటి ఉంది. గీత కలపకముందే చుక్కలు పెడతాం. చుక్క తప్పితే ముగ్గు తప్పుతుంది. ప్రింటింగ్‌లో దాన్ని గ్రిడ్ అంటాం. ఏ5 కొలత 148, 210 మిల్లీమీటర్లు. చుట్టూ 10 మిల్లీమీటర్లు వదిలితే లోపల మిగిలేది 128, 190. అడ్డంగా 4 భాగాలు, నిలువుగా 6 భాగాలు చేస్తే దాదాపు చదరంగా ఉండే 24 గళ్లు వస్తాయి. ఫోటోకి పై 12 గళ్లు ఇచ్చెయ్యి. పేరుకీ ధరకీ ఒక వరస. జాబితాకి ఒక వరస. అడ్రసుకీ ఫోన్‌కీ చివరి వరస. ప్రతి అక్షరమూ ఏదో ఒక గడి అంచు నుంచే మొదలవ్వాలి. ఇప్పుడు నువ్వు అన్నింటినీ సెంటర్ చేశావు. పెళ్లి పత్రికలో నాలుగైదు పొట్టి లైన్లుంటాయి కాబట్టి సెంటర్ అందంగా ఉంటుంది. జాబితాను సెంటర్ చేస్తే ప్రతి లైనూ ఒక్కో చోట మొదలై, కన్ను ప్రతిసారీ మొదలు వెతుక్కోవాలి. ఐటమ్‌ల పేర్లు ఎడమ అంచుకి, ధరలు కుడి అంచుకి పెట్టి చూడు. ఫోటోను మూడు భాగాలు చేసి ముఖ్యమైనది ఆ గీతల మీద పెట్టాలన్న సూత్రం కూడా వినే ఉంటావు. క్రాప్ చేసేటప్పుడు పనికొస్తుంది. శాసనమేమీ కాదు, ఆకును నేరుగా పైనుంచి తీసిన ఫోటో అయితే నడిమధ్యన పెట్టినా బాగుంటుంది.

అక్షరాల దగ్గర తెలుగువాళ్లం జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. ఇంగ్లిష్ డిజైన్ వీడియోల్లో వాటి గురించి ఎవరూ చెప్పరు. ఇంగ్లిష్‌లో కాపిటల్ లెటర్స్ పెట్టి హెడ్డింగ్ తేల్చేస్తారు. మనకు ఆ సౌకర్యం లేదు, సైజుతోనో మందంతోనో తేల్చాలి. పైన గుడులూ ఏత్వాలూ, కింద వత్తులూ ఉన్న లిపి మనది. 12 పాయింట్ల ఇంగ్లిష్ అక్షరానికి 14 పాయింట్ల లైన్ ఎడం సరిపోతే, తెలుగుకు 18 దాకా కావాలి. నీ జాబితాలో పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతోంది. ఇక ఔట్‌లైన్ సంగతి. ద, ధ, థ మధ్య తేడా ఎంత చిన్నదో చూడు. మందంగా ఔట్‌లైన్ వేస్తే ఆ చిన్న గుర్తులు పూడిపోతాయి. నీ పాంఫ్లెట్‌లో "ధర" కాస్తా "దర" అయింది. పట్టలేదని అక్షరాలను పక్కకు లాగి సాగదీయొద్దు, మాట తగ్గించు. పాంఫ్లెట్ మొత్తానికి ఒక్క ఫాంట్ తీసుకుని, దానిలోనే లావుదీ సన్నదీ వాడు. హింద్ గుంటూరు లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, ఒక్కదానిలోనే ఐదు మందాలుంటాయి. హెడ్డింగ్ బాగా బరువుగా కావాలనుకుంటే రామభద్ర తీసుకుని, మిగతాదంతా మండలిలో పెట్టు.

పాంఫ్లెట్ చేతిలో పట్టుకునేది. ఫ్లెక్సు, నేమ్ బోర్డు అలా కాదు. బోర్డు పనివాళ్ల పాత లెక్క, పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. ఆ లెక్క ఇంగ్లిష్ అక్షరాలకు. తెలుగుకీ తమిళానికీ ఇంకొంచెం పెంచుకో. ఇక్కడ దుకాణం బోర్డు చేసేటప్పుడు మాత్రం వరస నీ ఇష్టం కాదు. తమిళం పైన, పెద్దగా ఉండాలి. తమిళం, ఇంగ్లిష్, వేరే భాషలకు 5:3:2 నిష్పత్తి అని తమిళనాడు నిబంధన ఉంది. నాకిది ఎప్పుడూ అడ్డంకిగా అనిపించలేదు. మూడు భాషలూ ఒకే సైజులో పెట్టే అలవాటును అది మాన్పిస్తుంది. నీ ప్రూఫ్‌లో మూడు పేర్లూ సరిసమానంగా ఉండటం వల్లే ఏదీ పేరులా కనపడటం లేదు.

రంగుల జ్ఞానం పుట్టుకతో వస్తుందన్న మాట నమ్మకు. చీరకు జాకెట్టు గుడ్డ ఎంచే ఆడవాళ్లను టీ.నగర్‌లో ఒక గంట గమనిస్తే అది ఎలా వస్తుందో తెలుస్తుంది. పక్కన పెట్టి చూస్తారు, వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తారు, మళ్లీ ఇంకోటి పెట్టి చూస్తారు. నువ్వు చేయాల్సింది కూడా అంతే. కాకపోతే ఒక కిటుకు చెబుతాను. రంగు ఎంచే ముందు పేజీ మొత్తాన్ని గ్రేస్కేల్‌లోకి, అంటే ఒట్టి నలుపు, బూడిద, తెలుపుల్లోకి, మార్చి చూడు. నీ ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు స్క్రీన్ మీద భగ్గుమంటున్నాయి, గ్రేస్కేల్‌లో చూస్తే రెండూ ఒకే బూడిద రంగు. అంటే తేడా రంగులోనే ఉంది, ముదురులో లేదు. చదవడానికి కావలసింది ముదురుకీ లేతకీ తేడా. టాక్సీ నంబర్ ప్లేట్ పసుపు మీద నలుపులో ఉంటుంది, అంత దూరం నుంచి చదవగలుగుతాం. గ్రేస్కేల్‌లో నిలబడిన డిజైన్‌కి తర్వాత ఆ ముదురు లేత తేడా చెడకుండా ఏ రంగు వేసినా పాడవదు. ఒక ముఖ్యమైన రంగు, నలుపు, తెలుపు. దీనితో మొదలుపెట్టు. రెండో రంగు కావాలని నీకు గట్టిగా అనిపించినప్పుడు దేనికోసమో నీకే తెలిసి ఉంటుంది.

ప్రెస్సు దగ్గర నేను పడ్డ దెబ్బ ఒకటి చెప్పకుండా ఉండలేను. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికలో పని చేస్తున్నప్పుడు, కథ పేజీల్లో చిన్న అక్షరాలను నాలుగు రంగులూ కలిసిన నలుపులో వదిలేశాను. ఒక్కో రంగుకీ ఉండే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగాయి. ప్రతి అక్షరం పక్కనా ఎర్రటి, నీలపు నీడ. రచయితకు ముఖం చూపించలేకపోయాను. చిన్న అక్షరాలు ఎప్పుడూ ఒట్టి నలుపు ప్లేట్‌లోనే ఉండాలి. అంచు దాకా వెళ్లే రంగుకు 3 మిల్లీమీటర్లు బ్లీడ్, అంటే కటింగ్ గీత బయటికి అదనపు రంగు, వదలాలి, అక్షరాలు కటింగ్ అంచుకి 5 మిల్లీమీటర్ల లోపలే ఆగాలి. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ సీఎంవైకేలో, అంటే ప్రెస్సు వాడే నాలుగు సిరాల్లో, చప్పబడతాయని కస్టమర్‌కు ముందే చెప్పు, ప్రింటయ్యాక కాదు.

బొమ్మలు వేయడం రాదన్నావు. కంపోజిషన్‌కి, అంటే పేజీలో అన్నీ అమర్చడానికి, అది అడ్డు కాదు, చూడటం రావాలి. చూడటానికి చెన్నైలో మనవాళ్ల కొలువే ఉంది. ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాల దగ్గరికి వెళ్లు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి అమరావతిలో తవ్వించి చాలా రాళ్లను మద్రాసుకు తెప్పించారు. ఆ శిల్పాల్లో, బుద్ధుడి కథల్లోని నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఉంటుంది. ఎడమ పక్క మదమెక్కిన ఏనుగు మనుషులను తొక్కుతూ, తొండంతో ఒకణ్ని పట్టి ఉంటుంది. అదే ఏనుగు కుడి పక్క బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ఒక్క గుండ్రంలో రెండు క్షణాలు, పైన కిటికీల్లోంచి చూసే జనం, భయంతో ఒరిగిపోయిన ఒళ్లు. అంత మందిలో కూడా నీ కన్ను తప్పిపోదు. గందరగోళమంతా ఒరిగిన గీతలతో ఉంటే బుద్ధుడు ఒక్కడే నిటారుగా, నిశ్చలంగా నిలబడి ఉంటాడు. ఆయన పరిమాణంలో ఏనుగు కంటే చిన్నవాడు. అయినా చూపు చివరికి ఆయన దగ్గరే ఆగుతుంది. రెండో శతాబ్దంలో మన కృష్ణా తీరంలో ఎవరో పనివాడు సున్నపురాయి మీద తేల్చిన వరస అది. ఆ రాయి ముందు నిలబడిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది. ఒక నోట్‌బుక్ తీసుకెళ్లి మనుషులను గీయకుండా, ఒట్టి గీతలు ఎటు ఒరిగాయో మాత్రం గీసుకుని రా. మ్యూజియానికి శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకో.

జనవరిలో మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి మాడవీధిలో ముగ్గుల పోటీ జరుగుతుంది. అక్కడ కూడా పూర్తయిన ముగ్గులు కాదు, చుక్కలు పెట్టే పది నిమిషాలు చూడు.

ఇక కోర్సు. అప్పు చేసి చేరొద్దు. మూడు నెలల కోర్సుల్లో చాలావాటిలో సాఫ్ట్‌వేర్ బటన్లే నేర్పుతారు, అవి నీకు వచ్చు. అంతగా చేరాలనిపిస్తే ముందు వెళ్లి ఒక్క ప్రశ్న అడుగు: నేను చేసిన పనిని వారానికి ఎన్నిసార్లు సార్ పక్కన కూర్చుని దిద్దుతారు? దానికి సూటిగా జవాబు రాకపోతే తిరిగి వచ్చెయ్యి. ఈలోపు రోజూ రాత్రి ఒక పాత పాంఫ్లెట్ తీసుకుని, ట్రేసింగ్ పేపర్ మీద అక్షరాలు లేకుండా ఒట్టి దిమ్మలుగా దాని వరస గీయి. తర్వాత దాన్నే ఒక్క ఫాంట్, రెండు సైజులు, నలుపు రంగు మాత్రమే వాడి మళ్లీ చెయ్యి. రెండు నెలల్లో 60 అవుతాయి. మొదటి 20 నీకు నచ్చవు, అయినా పారేయకుండా దాచు.

కస్టమర్ "ఖాళీ ఉంది కదా" అన్నప్పుడు వాదించొద్దు. డబ్బు పెట్టింది ఆయన, కాగితం దండగ అవుతోందన్న బాధ నిజమైనదే. రెండు ప్రూఫ్‌లు తీసి, ఆయన చెప్పినదీ నువ్వు చేసినదీ షాపు గోడకు పక్కపక్కన అంటించు. ఆయన్ని రోడ్డు అవతలికి తీసుకెళ్లి, అక్కడి నుంచి ఏం కనపడుతోందో చెప్పమను. ఎక్కువసార్లు వాళ్లే రెండోదాన్ని చూపిస్తారు. చూపించకపోతే ఆయన అడిగినదే చేసి ఇవ్వు, కానీ నీ ప్రూఫ్ నీ ఫైల్లో ఉంచుకో. రేపు వేరే ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించేది అదే.

మెస్ పాంఫ్లెట్ ఇంకా ప్రింటుకు వెళ్లకపోతే ఈ రాత్రికే ఆపించు. ఆ రెండో ఫోన్ నంబరు ఒకసారి లెక్కపెట్టు. ఎర్రటి నేల మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఉండటం వల్ల మీ షాపులో ఎవరికీ కనపడి ఉండదు. అందులో తొమ్మిది అంకెలే ఉన్నాయి.